నక్షత్రాల కెమిస్ట్రీ కోసం బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కెమిస్ట్రీలో మంచి మార్కులు వస్తాయి, ఫిజిక్స్ అంతంతమాత్రం. ఏదో చిన్న గెలాక్సీలోని పాత నక్షత్రాల్లో ఏయే మూలకాలున్నాయో కనిపెట్టారని వీడియో చూసింది. అప్పట్నుంచి ఇంజినీరింగ్ వద్దు, అదే చదువుతానంటోంది. బీఎస్సీ కెమిస్ట్రీలో చేర్చమంటారా? తర్వాత ఉద్యోగం సంగతేంటి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బీఎస్సీ కెమిస్ట్రీ మాత్రం వద్దండి. పేరుకి కెమిస్ట్రీ అయినా ఆ పని దాదాపు అంతా ఫిజిక్సే, మిగతాది కంప్యూటర్.

మీ అమ్మాయి చూసింది బహుశా రెటిక్యులమ్-2 గురించి అయ్యుంటుంది. 2015లో బయటపడిన మరుగుజ్జు గెలాక్సీ అది, మనకు సుమారు లక్ష కాంతి సంవత్సరాల దూరం. అందులోని నక్షత్రాలు ఎంత పాతవంటే, వాటిలో ఇనుము సూర్యుడితో పోలిస్తే వందో వంతు, కొన్నిట్లో వెయ్యో వంతు కూడా లేదు. చిలీలోని 6.5 మీటర్ల అద్దమున్న మెగెలాన్ టెలిస్కోప్‌తో తొమ్మిది నక్షత్రాల్ని పరీక్షిస్తే ఏడింట్లో యూరోపియం లాంటి బరువైన మూలకాలు విపరీతంగా కనిపించాయి. అంతకుముందు చూసిన ఇలాంటి చిన్న గెలాక్సీల్లో అవి దాదాపు లేవు. అంటే ఎప్పుడో అరుదుగా జరిగే ఘటన ఒక్కటి, బహుశా రెండు న్యూట్రాన్ తారలు (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే చిన్న, మహా బరువైన ముద్దలు) ఢీకొనడం, ఆ గెలాక్సీలోని వాయువు మొత్తాన్ని మార్చేసింది, ఆ వాయువులోంచి పుట్టిన నక్షత్రాలు ఆ గుర్తుని ఇప్పటికీ మోస్తున్నాయి. 2016లో నేచర్ పత్రికలో వచ్చిందిది. ప్రధాన రచయిత అలెగ్జాండర్ జీ అప్పటికి ఇంకా పీహెచ్‌డీ విద్యార్థే, ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ఇక ఆ పని రోజూ ఎలా ఉంటుందంటే, నక్షత్రం వెలుగుని రంగులుగా విడగొడితే వచ్చే వర్ణపటంలో మధ్యమధ్యలో సన్నటి నల్లగీతలు పడతాయి, ఒక్కో మూలకానికి తనవైన గీతలుంటాయి, యూరోపియం గీత ఒకటి 413 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. గీత ఎంత లోతుగా ఉందో చూసి మూలకం అంత ఉందని చెప్పేయలేం, నక్షత్రం ఎంత వేడిగా ఉంది, అక్కడ ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నాయి అన్నీ లెక్కలోకి రావాలి. ఆ లెక్కకి మూలం 1920లో మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా ఇచ్చిన సమీకరణమే. టెలిస్కోప్ దగ్గర గడిపేది ఏడాదికి కొద్ది రాత్రులు, మిగతా రోజులన్నీ కంప్యూటర్ ముందు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ గీతలతో కుస్తీ.

అందుకే అమ్మాయిని ఒక్కటి అడగండి: కెమిస్ట్రీలో ఏ పాఠం ఇష్టం? పరమాణు నిర్మాణం, హైడ్రోజన్ వర్ణపటం అందంటే సరే, అది ఫిజిక్సే కాబట్టి మార్కుల గురించి టెన్షన్ పడకండి, ఇంకా టైముంది. ఆర్గానిక్ రియాక్షన్లు అందంటే మాత్రం ఈ దారి ఆమెది కాదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

చదువు విషయానికొస్తే నా ఓటు తిరుపతి ఐసర్‌కి (సైన్సు చదువులు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన సంస్థ), లేదా మరే ఐసర్‌కైనా. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో మొదట అన్ని సైన్సులూ చదివాకే మేజర్ ఎంచుకుంటారు, ఫిజిక్సా కెమిస్ట్రీయా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. కాకపోతే వాళ్ల ప్రవేశ పరీక్షలో బయాలజీ కూడా ఉంటుంది, ఎంపీసీ పిల్లలు చాలామంది అది చివర్లో తెలిసి కంగారు పడతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అలాంటిదే మరో కేంద్ర సైన్సు సంస్థ భువనేశ్వర్ నైసర్ కూడా మంచివే. ఇవేవీ రాకపోతే మంచి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చేసి, ఎమ్మెస్సీకి ఉస్మానియా ఆస్ట్రానమీ విభాగం లాంటివి చూసుకోవచ్చు.

ఆ తర్వాత పీహెచ్‌డీ. బెంగళూరులోని ఖగోళ పరిశోధన సంస్థ ఐఐఏ వాళ్లు లడఖ్‌లోని హాన్లే టెలిస్కోప్‌తో ఇలాంటి లోహాలు తక్కువున్న నక్షత్రాల మీదే పనిచేస్తారు. అది రెండు మీటర్లదే కాబట్టి రెటిక్యులమ్-2 దాకా అందదు, మన పాలపుంతలోనే కాస్త ప్రకాశవంతమైన పాత నక్షత్రాల్ని చూస్తారు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. అంటే పీహెచ్‌డీలో చేరాక మీరు డబ్బు కట్టే పని ఉండదు, కానీ పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చడం మొదలుపెడితే ఇంట్లో అందరికీ మనశ్శాంతి పోతుంది. పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువ, ముప్పై దాటాకే వస్తాయి, మధ్యలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం విదేశాల్లో కొన్నేళ్లు ఉండాల్సి రావచ్చు. రాకపోతే రోడ్డున పడుతుందా అంటే పడదు, అప్పటికి చేతిలో కోడింగూ స్టాటిస్టిక్సూ ఉంటాయి, చాలామంది డేటా సైన్స్‌లోకి వెళ్తున్నారు.

ఎప్‌సెట్ మానేయమనకండి, రాయనివ్వండి. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవుల్లో స్లోన్ డిజిటల్ స్కై సర్వే సైట్ తెరవమనండి, లక్షల నక్షత్రాల వర్ణపటాలు అక్కడ ఉచితంగా ఉన్నాయి. సూర్యుడి లాంటి నక్షత్రం ఒకటి, అంతే వేడి ఉండి లోహాలు బాగా తక్కువున్నది ఒకటి పక్కపక్కన పెట్టుకుని, 393 నానోమీటర్ల దగ్గర కాల్షియం గీత రెండింట్లో ఎలా ఉందో చూసి ఆ తేడా ఎందుకో తనే రాయాలి. వారం రోజులు విసుగు లేకుండా కూర్చుంటే ఐసర్ ఫారం నింపించండి.