సూది దిగిందని సంబురపడకు బిడ్డా

బిడ్డా,

1999 మోడల్ మారుతి ఓమ్నీ వ్యాను కొన్నవని, గట్టుప్పల్ చీరెలు నింపుకొని వారం వారం నువ్వే హైదరాబాద్ తోలుకపోతనన్నవని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. షెడ్డుల కూసొని పానలన్నీ నంబర్ల వరుసన పేర్చిన పిల్లవు, ఇయ్యాల సొంత బండి తోలుతవంటే కడుపు నిండినట్టున్నది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే. చండూరు, మునుగోడు, నారాయణపురం దాటి చౌటుప్పల్ కాడ హైవే ఎక్కేదాక ఎండల ఆ పాత బండి నీకు ఏం చెప్తదో, నువ్వు ఏం వింటవో అని.

చిన్నయి ముందుగాల చెప్త. ఆర్సీ పదిహేనేండ్లకు అయిపోతది, అటెన్క ఐదేండ్లకోసారి రెన్యువల్. ఆ తారీఖు చూసుకో. టైరు పక్కన నాలుగంకెలు ఉంటయి, 2318 అంటే 2018ల 23వ వారం తయారైనట్టు. గాడి ఎంత లోతున్నా అంత పాత టైరు వద్దు. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు కొన్న వారంలనే మార్చు. ఇంజన్ వాల్వులు వేళకు తెరుచుకునేటట్టు తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రో అమ్మినాయిన చెప్పలేకపోతే, మార్చలేదనే లెక్క.

సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊకుంటే సగం సార్లు బ్యాటరీ టెర్మినల్ కాడనే తప్పుంటది. తెల్ల పొడి పట్టి ఉంటే వేడినీళ్లల్ల వంట సోడా కలిపి కడుగు, బిగించినంక వాజలిన్ పూయి. మీటరు పెడితే బండి ఆగి ఉన్నప్పుడు 12.6 ఓల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాక చూపాలె. నడుస్తుంటే గూడ 12 కాడనే ఉన్నదంటే బ్యాటరీ కొనకు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బెల్టు, బ్రష్షులు చూడు.

సెల్ఫ్ మంచిగ తిరిగి బండి అందుకోకపోతే ముందు స్పార్కు, అటెన్క పెట్రోలు. ప్లగ్గు విప్పితే అదే సగం కథ చెప్తది. మొన బిస్కెట్ రంగులుంటే ఇంజన్ మంచిగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగుంటే పెట్రోల్ ఎక్కువైతున్నది. చోక్ పూర్తిగ వెనక్కి పోతలేదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకపోయిందేమో చూడు. నల్లగ, జిడ్డుగ ఉంటే ఆయిల్ కాలుతున్నది, అది పిస్టన్ రింగుల పనో వాల్వు సీళ్ల పనో. ప్లగ్గు మొన కాడ గ్యాపు 0.7, 0.8 మిల్లీమీటర్ల నడుమ ఉండాలె. ఓమ్నీల ఇంజన్ నీ సీటు కిందనే ఉంటది కాబట్టి పెట్రోల్ వాసన వస్తుంటే స్పార్కు పరీక్ష పెట్టొద్దు. సీటు కింద తడి యాడుందో ముందు వెతుకు. ఇప్పుడు బంకులల్ల పోసే ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడు చేస్తది. పెట్రోల్ పైపులు, క్లిప్పులు మొత్తం కొత్తయి వేపియ్యి, బేరమాడకు.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యని సంగతి. హీటు.

టెంపరేచర్ సూది పైకి పోతే ఎవరైనా భయపడతరు. పైకి పోయిన సూది, బండి నడుస్తుండంగనే ఉన్నట్టుండి కిందికి దిగితే మాత్రం హమ్మయ్య అనుకొని ఇంకింత తొక్కుతరు. సూదికి కబురు పంపే సెన్సరు నీళ్లల్ల మునిగి ఉంటేనే నిజం చెప్తది. హోస్ పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డు మీద పోయినయనుకో, దాని చుట్టు ఉత్త గాలే మిగుల్తది. ఇంజన్ లోపట కాగుతుంటది, సూది మాత్రం సల్లగున్నదని చూపెడ్తది. వెనకట ఒక డ్రైవరుకు "సూది చూసుకుంట పో, ఏం కాదు" అని చెప్పి పంపింది నేనే. ఆయన నేను చెప్పినట్టే చూసిండు. సూది దిగినంక కొన్ని కిలోమీటర్లు పోయిండు, పిస్టన్లు పట్టేసినయి.

లోపట ఏమైతదో విను. ఓమ్నీ హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియంది. నీళ్లు లేక కాగితే అది వంగుతది, వంగిన హెడ్డు కింద, సందు మూసే గాస్కెట్ కూసోదు. అప్పుడు సిలిండర్ల ఒత్తిడి నీళ్ల దారిలకు, నీళ్లు ఆయిల్‌లకు పోతయి. గాస్కెట్ ఒక్కటి మార్చి ఇస్తనని ఎవరన్న అంటే ఒప్పుకోకు. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి దాని కింద ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకులు, దూర్చమను. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే లేత్ కాడ ఫేసింగ్ పట్టి మట్టం చేపియ్యకుండ ఆ హెడ్డు బిగియ్యద్దు. బిగిస్తే కొత్త గాస్కెట్ గూడ పోతది.

అందుకే సూది ఎక్కినా ఆగు, ఉన్నట్టుండి దిగినా ఆగు. చీరెలు ఆలస్యమైతే అయినయి. బండి పక్కకు తీసి బంద్ పెట్టి ముందు నువ్వు కిందికి దిగు. సీటు వెంటనే లేపకు, కింద ఆవిరి కాచుకొని ఉంటది. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉన్నదంటే అది 0.9 బార్ ఒత్తిడి ఆపుతది. ఆ ఒత్తిడిల నీళ్లు 100 డిగ్రీలు దాటి 118 దాక మరగకుండ ఉంటయి. మూత తిప్పినవో, ఒత్తిడి పోయి ఆ నీళ్లన్నీ ఒక్కసారి మరిగి మొఖం మీదికి లేస్తయి. ముప్పావు గంట ఆగు. తర్వాత మందపు గుడ్డ వేసి పావు తిప్పు తిప్పి, బుస్సుమనుడు ఆగినంకనే తియ్యి. కాగుతున్న ఇంజన్‌ల సల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగులుతది. చెయ్యి పెడితే ఓర్చుకునేంత సల్లబడాలె, అప్పుడు గూడ మెల్లగ పొయ్యాలె.

ఎందుకు హీటెక్కిందో బండే చెప్తది. ఎల్బీ నగర్ ట్రాఫిక్‌ల ఎక్కి, రోడ్డు మీద ఉరికితే దిగుతుంటే ఫ్యాను తిరుగుతలేదు. తాళం ఆన్ చేసి ఫ్యాన్ స్విచ్చి కాడ కనెక్టర్ పీకు. ఒక్కటే వైరుంటే బాడీకి తాకించు, రెండుంటే రెండింటినీ కలుపు. ఫ్యాను తిరిగితే స్విచ్చి పోయింది, తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటరు వరుసన చూడు. అదే చౌటుప్పల్ దాటినంక హైవే మీద ఎక్కుతుంటే ఫ్యానుతోని పని లేదు. రేడియేటర్ పూడింది, లేకుంటే బెల్టు జారి వాటర్ పంపు సరిగ తిరుగుతలేదు. లేకుంటే నీళ్లు వేడెక్కినంక రేడియేటర్‌కు దారిచ్చే థర్మోస్టాట్ తెరుచుకుంటలేదు. దాన్ని విప్పి దారం కట్టి, నీళ్ల గిన్నెల వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. నీళ్లు మరగకముందే నోరు తెరవాలె. మన దిక్కు చానమంది మెకానిక్‌లు థర్మోస్టాట్ పీకి పారేస్తరు. అది లేకుంటే ఇంజన్ వేడెక్కనీకె ఆలస్యమైతది, పెట్రోల్ ఎక్కువ తాగుతది.

రేడియేటర్ల బోరు నీళ్లు పోయకు. మన నల్లగొండ నీళ్లంటే అందరు ఫ్లోరైడ్ అంటరు, రేడియేటర్‌ను పూడ్చేది మాత్రం ఆ నీళ్లల్ల ఉండే సున్నం. మీ అమ్మ నీళ్లు కాగబెట్టే గిన్నెకు అడుగున పట్టే తెల్ల పొర చూడు, రేడియేటర్ సన్నటి గొట్టాలల్ల అదే పట్టి దారి మూస్తది. కూలెంట్ సగం, డిస్టిల్ వాటర్ సగం. తొవ్వల తప్పనిసరై బోరు నీళ్లు పోస్తే ఇంటికొచ్చి దింపెయ్యి.

బ్రేకులు. బండి బంద్ ఉన్నప్పుడు పెడల్ గట్టిగ తొక్కి నిమిషం పట్టుకో. మెల్లగ కిందికి పోతుంటే, బయట కారుడు లేకుంటే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిలును తోసే మాస్టర్ సిలిండర్ లోపట సీలు పోయింది. స్పాంజి లెక్క మెత్తగుంటే బ్రేక్ పైపులల్ల గాలి చేరింది. మాస్టర్ సిలిండర్‌కు దూరమున్న ఎనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీపియ్యి. ఎనక డ్రమ్ముల తడి కనిపిస్తే వేలితోని ముట్టు. చిక్కగ, ఘాటు వాసనుంటే యాక్సిల్ సీలు దాటిన గేర్ ఆయిలు. పల్చగుండి పెయింటును లేపుతుంటే అది బ్రేక్ ఆయిలు, చక్రం కాడి వీల్ సిలిండర్ కారుతున్నది. ఏదైనా సరే, తడిసిన బ్రేక్ షూలు కడిగి మళ్ల వేస్తమంటే వద్దను.

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి బండి కిందికి దూరితే నేను మాట్లాడ నీతోని. నేల గట్టిగున్న కాడ, ఎదుటి చక్రాలకు రాళ్లు పెట్టి, స్టాండులు వేసినంకనే. చున్నీ ముడేసి, గాజులు తీసి పని చెయ్యి, బెల్టు దగ్గరికి పోయేది ఉంటది.

మొదటి లోడు వేసే ముందు బండి నా కాడికి తీస్కరా. ఆదివారం పొద్దున బయలుదేరకు, శనివారం రాత్రే వచ్చి పండు. తెల్లారేసరికి ఇంజన్ సల్లబడి ఉండాలె. సల్లగున్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే, నీళ్లల్ల బుడగలు ఆగకుండ వస్తున్నయా లేదా నీకే కనపడ్తది. వస్తే గాస్కెట్ పోయినట్టు, అమ్మినాయిన దగ్గరికి ఇద్దరం పోదం. రాకపోతే హోస్ పైపులు, క్లిప్పులు మార్చి పంపుత. పదో నంబరు పానా, పన్నెండు పానా, ఫీలర్ గేజు నీ కోసం పక్కకు పెట్టిన.

మీ పెద్దనాయిన