షాంఘైలో రాత్రిళ్లు ఒంటరిగా తిరగడం సేఫేనా? అక్కడ ఉండొచ్చిన అనుభవంతో చెబుతున్నా

షాంఘైలో ఉద్యోగం వచ్చిందని, ఒంటరిగా వెళ్తున్నానని, ఆఫీసు డిన్నర్లూ పార్టీలూ తప్పవని అక్కడివాళ్లు ముందే చెప్పారని రాశారు. రాత్రిపూట బయట ఉంటే ఎంతవరకు సేఫ్ అని అడిగారు. ఇంట్లో అమ్మగారికి నిద్ర పట్టడం లేదని కూడా రాశారు. నేనూ అక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, ఒంటరిగానే ఉన్నాను. మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు అమ్మగారికి ఈ మాట చెప్పండి. రోడ్డు గురించి భయం అక్కర్లేదు. జూలూ రోడ్డు, హెంగ్‌షాన్ రోడ్డు వైపు బార్లు ఎక్కువ. ఆ వీధుల్లో అర్ధరాత్రి దాటాక కూడా అమ్మాయిలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా నడిచి ఇంటికి వెళ్తుంటారు. మూలమూలనా కెమెరాలుంటాయి. ఫ్యామిలీమార్ట్, లాసన్ లాంటి చిన్న షాపులు చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. ఎప్పుడైనా ఎందుకో మనసు కీడు శంకిస్తే లోపలికి వెళ్లి ఒక నీళ్ల బాటిల్ కొనుక్కుని, అక్కడే నిలబడి కారు పిలుచుకునేదాన్ని. హైదరాబాద్‌లో నేను రాత్రి తొమ్మిదికే ఆటో ఎక్కాలంటే ఆలోచించే చోట్లున్నాయి. షాంఘైలో ఒంటిగంటకు కూడా ఆ ఆలోచన రాలేదు.

అలాగని తాగిన మగాళ్లు అక్కడ బుద్ధిమంతులని కాదు. 2022 జూన్‌లో తాంగ్‌షాన్ అనే ఊళ్లో, రాత్రి రెస్టారెంట్‌లో కూర్చుని తింటున్న ఒకమ్మాయి వీపు మీద ఒకడు చెయ్యి వేశాడు. ఆమె తోసేసింది. అంతే, వాడూ వాడి గుంపూ కలిసి ఆమెనీ ఆమె స్నేహితురాళ్లనీ దారుణంగా కొట్టారు. ఆ వీడియో చూసి దేశమంతా అట్టుడికింది. ప్రధాన నిందితుడికి 24 ఏళ్ల జైలు పడింది. ఇది తల్చుకుని భయపడమని కాదు. పక్క టేబుల్‌ వాళ్లు మితిమీరుతున్నారనిపిస్తే వాదన పెట్టుకోకుండా బిల్లు కట్టేసి లేచిపోవాలని మాత్రం నేను దీని నుంచే నేర్చుకున్నాను.

అసలు జాగ్రత్త పడాల్సింది మిమ్మల్ని మర్యాదగా లోపలికి పిలిచే మనుషుల దగ్గర. నాన్‌జింగ్ రోడ్డు, బండ్ నదీతీరం, పీపుల్స్ స్క్వేర్, ఈ మూడు చోట్లూ గుర్తుపెట్టుకోండి. చక్కటి ఇంగ్లీషు మాట్లాడే ఇద్దరు కుర్రాళ్లో అమ్మాయిలో వస్తారు. ఒక ఫొటో తీస్తారా అంటారు. మేమూ వేరే ఊరి నుంచి సెలవులకి వచ్చాం, ఇండియా అంటే ఇష్టం అంటారు. పది నిమిషాల కబుర్లయ్యాక ‘ఇక్కడే దగ్గర్లో టీ రుచి చూపించే చోటుంది, వస్తారా’ అంటారు. మా ఆఫీసులో చేరిన ఒక వైజాగ్ కుర్రాడు ఇలాగే వెళ్లాడు. చిన్న గది, చిన్న చిన్న కప్పుల్లో ఐదారు రకాల టీ, చివర్లో రెండు వేల యువాన్లకు పైగా బిల్లు. తలుపు దగ్గర ఇద్దరు నిలబడేసరికి భయపడి ఫోన్లో కట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే అతన్ని తీసుకుని ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. డ్యూటీలో ఉన్న ఆఫీసర్ తన ఫోన్లో ట్రాన్స్‌లేటర్ తెరిచి మా మధ్య బల్ల మీద పెట్టాడు. ఒక్కో వాక్యం మాట్లాడటం, అది చైనీస్‌లోకి మారేదాకా ఆగడం. ఫోన్లో పేమెంట్ రికార్డు చూపించగానే షాపు పేరు బయటపడింది. ఆయన అక్కడికక్కడే వాళ్లకు ఫోన్ చేశాడు, గొంతు పెంచకుండా రెండు ముక్కలు మాట్లాడాడు. మధ్యాహ్నానికల్లా డబ్బు చాలావరకు వెనక్కి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఇలాంటి చోట ఇరుక్కుంటే గొడవ పడకండి. కట్టాల్సి వస్తే నోట్లు ఇవ్వకుండా అలీపేలోనో వీచాట్‌లోనో కట్టండి, రికార్డు మిగులుతుంది. బయటికి రాగానే పోలీసుల నంబరు 110కి ఫోన్ చేయండి. ఇంగ్లీషులో సాయం కావాలంటే నగర హెల్ప్‌లైన్ 12345 కూడా పనిచేస్తుంది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషి ‘ఆ బార్‌కే వెళ్దాం’ అని పట్టుబట్టినా ఇదే కథ, టీ బదులు వైన్ ఉంటుంది.

క్లబ్బుల్లో ఇంకోటి. విదేశీయులు కనిపిస్తే క్లబ్బుకు కళ వస్తుందని ప్రమోటర్లు ఫ్రీగా టేబులూ మందూ ఇస్తారు. ఆ ఫ్రీ మందులో నకిలీ సరుకు ఎక్కువ. తాగే అలవాటుంటే మీ ముందే మూత తీసిన బీరు తాగండి, గ్లాసు వదిలి డ్యాన్స్‌కు వెళ్లకండి. మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన పిల్లలకు ‘ఊరికే వచ్చి రెండు గంటలు నిలబడితే డబ్బులిస్తాం’ అనే ఆఫర్లు కూడా వస్తుంటాయి. స్టూడెంట్ పర్మిట్ మీద ఉండి అనుమతి లేకుండా అలా పనిచేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా, తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం. ఇదివరకే వెళ్లిన తమ్ముళ్లో చెల్లెళ్లో ఉంటే వాళ్లకూ ఈ మాట చేరవేయండి.

ఆఫీసు డిన్నర్లో బైజ్యో అనే ఘాటైన చైనా మందు పోస్తారు. అందులో ఆల్కహాల్ 50 శాతం దాటే రకాలే ఎక్కువ. గ్లాసు ఎత్తి ‘గాన్‌బే’ అంటే ఒక్క గుక్కలో ఖాళీ చేయాలి. ఇక్కడ కిటుకు ఒక్కటే. మొదటి గ్లాసు దగ్గరే వద్దని చెప్పేయండి, టీ కప్పు ఎత్తి మర్యాద తీర్చండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఒకటి తాగి రెండోది వద్దంటే మాత్రం బతిమాలుతూనే ఉంటారు.

ఇంటికి వెళ్లడం సులువు. మెట్రో చాలా లైన్లలో రాత్రి పదిన్నర తర్వాత ఒక్కొక్కటిగా ఆగిపోతుంది, శుక్ర శనివారాల్లో కొన్ని లైన్లు ఇంకొంచెం సేపు నడుస్తాయి. ఆ తర్వాత దీదీ, అంటే మన ఓలా, ఊబర్ లాంటి కార్ల యాప్. 2018లో దీదీ కార్‌పూల్ సర్వీసులో ఇద్దరు మహిళలు హత్యకు గురయ్యాక యాప్‌లో 110 బటన్, ట్రిప్ షేరింగ్, లోపలి మాటల రికార్డింగ్ పెట్టారు. కారు నంబరు సరిచూసుకుని ఎక్కండి. బార్ బయట ‘టాక్సీ, టాక్సీ’ అని పిలిచే ప్రైవేటు కార్లు ఎక్కొద్దు. మామూలు టాక్సీ ఎక్కితే రసీదు అడిగి తీసుకోండి, ఫోన్ మర్చిపోయినా దాని మీది వివరాలతో ఆ టాక్సీని పట్టుకోవచ్చు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే డబ్బూ లేదు, కారూ లేదు, అడ్రసూ లేదు. చాలా బార్లలో కౌంటర్ దగ్గర అద్దె పవర్ బ్యాంకులుంటాయి. ఇంటి అడ్రసు చైనీస్‌లో కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి.

ఎవరైనా తాగి స్కూటర్ ఎక్కించుకుంటానంటే ససేమిరా అనండి. మన దగ్గర రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు హద్దయితే అక్కడ 20కే తప్పు, 80 చేరితే క్రిమినల్ కేసు. కారున్న వాళ్లు యాప్‌లో డ్రైవర్‌ను పిలుస్తారు. రెస్టారెంట్ ముందుకు ఒకతను మడత స్కూటర్ మీద వస్తాడు. దాన్ని మడిచి డిక్కీలో పెట్టి, మీ కారు మీ ఇంటికి చేర్చి, మళ్లీ స్కూటర్ విప్పుకుని వెళ్లిపోతాడు. చాలా మంచి ఏర్పాటు.

చట్టం విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. గంజాయి సహా ఏ డ్రగ్ వాడినా 10 నుంచి 15 రోజుల నిర్బంధం పడొచ్చు, తర్వాత దేశం నుంచి పంపించేయొచ్చు. పోలీసులు బార్ తలుపులు మూయించి అందరికీ యూరిన్ టెస్టులు చేసిన సందర్భాలున్నాయి. తలవెంట్రుకలు కూడా పరీక్షిస్తారు, వాటిలో ఆనవాళ్లు నెలల తరబడి ఉంటాయి. సెలవుల్లో బ్యాంకాక్ వెళ్లి అక్కడ గంజాయి వాడి వచ్చేవాళ్లు దీన్ని ఆషామాషీగా తీసుకోవద్దు.

ఎవరైనా తోస్తే తిరిగి చెయ్యి ఎత్తకండి. ఇలాంటి గొడవలకు శిక్షలు వేసే అక్కడి ప్రజా భద్రతా చట్టానికి 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఆత్మరక్షణకు చోటిచ్చారు. అయినా ఇద్దరూ కొట్టుకున్నారని తేలితే ఇద్దరికీ శిక్షే, వీసా మీద ఉన్నవాళ్లకు అది ఇంకా చేటు. పాస్‌పోర్టు వెంట ఉండాల్సిందే. కొత్త ఇంట్లో దిగాక 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి. హోటళ్లయితే వాళ్లే చేస్తారు. షాంఘైలో ఇది ఆన్‌లైన్‌లోనూ అవుతుంది. లేకపోతే 2,000 యువాన్ల దాకా జరిమానా పడొచ్చు.

చివరగా అమ్మగారి సంగతి. షాంఘై మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి పదింటికి ఆవిడ ఫోన్ చేస్తే అక్కడ పన్నెండున్నర. పైగా అక్కడి సిమ్ మీద వాట్సాప్ రాదు, ఇక్కడ 2020 నుంచి వీచాట్ నిషేధం. మా అమ్మ మొదటివారం కంగారంతా దీని వల్లే తప్ప రోడ్ల వల్ల కాదు. మీ ఇండియా నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకునే విమానం ఎక్కండి, ఆ డేటా మీద వాట్సాప్ పనిచేస్తుంది. ఇంటికి చేరగానే ఒక మెసేజ్ పెడతానని చెప్పి, అది ఏ టైముకు వస్తుందో ముందే అనుకోండి. ఆఫీసు ల్యాండ్‌లైన్, ఒక కొలీగ్ నంబరు, షాంఘైలోని మన కాన్సులేట్ నంబరు ఆవిడ దగ్గర రాసిపెట్టండి.