కాలవలు కట్టేసే నెలలో

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి కోనసీమలో మన మండువా ఇంటిని హోమ్‌స్టే చేస్తున్నావని మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో కోపం ఉంది. నాకు మాత్రం ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను పుట్టిన ఇల్లమ్మా అది. తాతయ్య పోయినప్పటి నుంచి తాళం పడి ఉంది. ఎప్పుడు వెళ్లినా పెంకుల మధ్య మొలిచిన రావి మొక్కలు పీకించి, దిగులుగా వెనక్కి వచ్చేదాన్ని. ఆ తాళం తీసే మనిషి మా ఇంట్లోనే పుట్టిందని గర్వంగా అనిపించింది.

తెల్లారాక నువ్వు పంపిన లింకు పక్కింటి కుర్రాడు తెరిచి చూపించాడు. నిండు కాలవ, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, మధ్యలో పడవ. పైన ‘ఆంధ్రా కేరళకు స్వాగతం’ అని పెద్ద అక్షరాలు. కిందకి జరిపితే, మే ఒకటో తారీఖు నుంచి బుకింగులు. అది చూశాక నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే నువ్వు ‘సరే అత్తయ్యా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రాజోలు దగ్గర ఏటిగట్టున మీ మావయ్యా నేనూ 22 ఏళ్లు ఆరు గదుల లాడ్జీ నడిపాం. 1998లో మొదలుపెట్టాం, 2020లో కరోనా వచ్చినప్పుడు మూసేశాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మామూలు సంగతులు ముందు అనేసుకుందాం. పంచాయతీ, టూరిజం శాఖ, వంటకి ఫుడ్ లైసెన్సు, ఈ కాగితాలన్నీ మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి. ఫారెన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలి, వాళ్లు మన ఊరి మనవలే అయినా సరే. ప్రతి మంచానికీ దోమతెర కట్టు. కరెంటు పోతే ఫ్యాను తిరిగేలా ఇన్వర్టరు పెట్టించు. మన కోనసీమలోకి ఇంకా రైలు రాలేదు కాబట్టి పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటి రావాలని, కారుకి ఎంత అవుతుందో కూడా ముందే చెప్పు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఆ ‘కేరళ’ అన్న మాట సంగతి. అక్కడి బ్యాక్‌వాటర్లలో నీళ్లు ఏడాది పొడుగునా ఉంటాయి. మనవి ఇరిగేషన్ కాలవలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదారిని మళ్లించబట్టి మనకీ పచ్చదనం వచ్చింది. రెండో పంట దాళ్వా కోతలయ్యేసరికి, ఏప్రిల్‌లో కాలవలకి నీళ్లు ఆపి కట్టేస్తారు. పూడిక తీసి, షట్టర్లకి మరమ్మతులు చేసి, మళ్లీ జూన్‌లో వదులుతారు. హైదరాబాద్‌లో పిల్లలకి స్కూలు సెలవులిచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. నువ్వు పెట్టిన ఫోటో ఏ కార్తీక మాసంలోనో తీసింది. మే నెలలో అదే చోట నిలబడి చూడు, అడుగున బురద, దాంట్లో గేదెలు, పాలిథిన్ కవర్లు.

ఈ తప్పు నేనూ చేశాను. మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

2006 వేసవి. అప్పటికి లాడ్జీ మీద అప్పుంది. వేసవిలో గదులు ఖాళీగా పడి ఉంటున్నాయని నేనే పాంప్లెట్లు వేయించాను. ‘ఆంధ్రా కేరళ’ అని రాయించి, ఒక క్యాలెండర్‌లో ఉన్న హౌస్‌బోటు బొమ్మ కత్తిరించి ప్రెస్సులో ఇచ్చాను. మీ మావయ్య వద్దన్నాడు. ‘మనది కానిది మనదని ఎందుకు వేస్తావు’ అన్నాడు. ‘అందరూ అలాగే వేస్తున్నారు, మీకేం తెలియదు’ అన్నాను.

హైదరాబాద్ నుంచి ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేశారు. మనవడు పడవ ఎక్కాలని ఒకటే గొడవ చేస్తున్నాడట. ‘అమ్మా, కాలవలో పడవ తిరుగుతుందా?’ అని అడిగారు. అప్పటికి కాలవలు కట్టేసి వారం దాటింది. నేను ‘రండి మాస్టారూ, అన్నీ ఉంటాయి’ అన్నాను. ‘తిరుగుతుంది’ అనలేదు, ‘తిరగదు’ అని కూడా అనలేదు. అబద్ధం ఆడలేదు కదా అని ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆరుగురు వచ్చారు. మనవడికి ఆరేళ్లుంటాయి. కారు దిగడం దిగడమే నడుముకి బాతుబొమ్మ ట్యూబు తగిలించుకుని గట్టు మీదకి పరుగెత్తాడు. వాడి వెనకే వెళ్లాను. కాలవ అంచున ఆగిపోయాడు. అడుగున పాకుడు పట్టిన నీళ్లు చారెడు, అందులో ఒక కొంగ. ఆ వాసనకి ముక్కు మూసుకుని, నావైపు తిరిగి, ‘నీళ్లు ఎప్పుడొస్తాయి బామ్మా?’ అన్నాడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. బామ్మా అన్నందుకు కాదు గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక తల దించుకున్నాను.

ఆ మూడు రోజులూ చెయ్యని వంట లేదు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, కొత్తావకాయ, పనసాకుల్లో పొట్టిక్కలు. సాయంత్రం కారులో అంతర్వేది తీసుకెళ్లాం. మాస్టారు ఒక్క మాట అనలేదు. వెళ్లేటప్పుడు బిల్లు మొత్తం కట్టి, ‘భోజనం చాలా బాగుందమ్మా’ అన్నారు. నాకు గుండె మీద రాయి దించినట్టయింది. ఆయన తిట్టలేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాను. ఆ తర్వాత నాకు బోధపడిందేమిటంటే, దెబ్బలాడే మనిషికి ఇంకా మనమీద ఆశ ఉంటుంది. నీళ్లు సరిగ్గా రావట్లేదని నా మీద కేకలేసిన వాళ్లు మళ్లీ ఏడాది వచ్చారు. మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిన మాస్టారు రాలేదు.

అంతటితో అయిపోలేదు. మూడేళ్ల తర్వాత నేను హైదరాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఒకావిడ నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను. ‘కోనసీమా? అక్కడేముందండీ, ఎండిపోయిన మురుగు కాలవలట కదా! మా కాలనీలో మాస్టారు వాళ్లు వెళ్లొచ్చారు’ అంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా లాడ్జీ పేరు ఆవిడకి తెలియదు. మాస్టారు మర్చిపోయి ఉంటారు, లేదా పెద్దమనిషి కాబట్టి చెప్పి ఉండరు. నేను దాచిన ఒక్క మాటకి మాట పడింది కోనసీమ. మా నాన్నగారు పండించిన నేల, నిన్ను ఎత్తుకుని నేను తిరిగిన గట్టు. ఆ రాత్రి మీ మావయ్యకి చెప్పి ఏడ్చాను. మర్నాడు ఊరొచ్చి మిగిలిన పాంప్లెట్లు పొయ్యిలో పెట్టాను.

వచ్చేవాళ్లు గదికి మార్కులు వెయ్యరమ్మా, ఊరికి వేస్తారు. ఆటోవాడు యాభై ఎక్కువ అడిగినా, సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కోసం గంట నిలబడినా, గుళ్లో ఎవరైనా విసుక్కున్నా, అన్నీ కలిపి ‘కోనసీమ ఇంతే’ అంటారు. అలాగే దారిలో ఎవరో కొబ్బరిబోండం కొట్టిచ్చి డబ్బులొద్దంటే, ఆ పుణ్యం కూడా నీ ఖాతాలోకే వస్తుంది. కాబట్టి నీ ఆటోవాళ్లని నువ్వే ఎంచుకో. వాళ్లకి ఇంట్లో అన్నం పెట్టు. డబ్బు కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

ఫోన్‌లో అడిగినప్పుడే ఉన్నది చెప్పెయ్యి. ఆ తర్వాత మే నెలలో ఎవరు ఫోన్ చేసినా మీ మావయ్యే ఎత్తేవాడు. ‘కాలవలు కట్టేశారండీ. ఎండా ఉక్కపోతా ఎక్కువ. తెల్లారకట్ల ఏటిగట్టు బాగుంటుంది, తాటిముంజలు ఉంటాయి, మామిడిపళ్లకి లోటుండదు. ఇష్టమైతే రండి’ అనేవాడు. పదిమందిలో ఏడుగురు వద్దనేవాళ్లు. వచ్చిన ముగ్గురూ సంతోషంగా వెళ్లేవాళ్లు. మళ్లీ కార్తీకంలో వాళ్లే వాళ్ల అన్నదమ్ముల్ని వెంటపెట్టుకుని వచ్చేవాళ్లు.

పులస సంగతి కూడా అంతే. సంక్రాంతికి వచ్చి పులస పెట్టమంటారు. పులస ఎర్రనీరు వచ్చినప్పుడు, శ్రావణ భాద్రపదాల్లో గోదారికి ఎదురీదే చేప. పుష్యమాసంలో ఎక్కడిది? ఇంకేదో చేప తెచ్చి పులస అని వడ్డించకు. పుస్తెలమ్మి అయినా తినాలని వాళ్లు ఎన్నేళ్లుగానో విని ఉంటారు. ఆ రుచి నోటికి తగలకపోతే ‘ఇదేనా?’ అనుకుంటారు, మన మాటల్లో దేన్నీ ఇక నమ్మరు.

పండగ రేట్లు పెంచుకో, వద్దనను. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం విరగబడి వస్తారు, వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల్ని భుజాన ఎత్తుకుని కౌశిక నది దాటించడం చూడాలని. ఎంత పెంచినా ముందే చెప్పు, వచ్చాక పెంచకు. పాతవాళ్లకి పాత రేటే ఉంచు. పనివాళ్లని మాత్రం ‘ఆయ్’ అని యాస పలకమని నేర్పకు. వాళ్లకి వచ్చినట్టు వాళ్లని మాట్లాడనివ్వు.

చెట్టాయన నీకు గుర్తున్నారా? నీ చిన్నప్పుడు బిస్కెట్లు తెచ్చేవారు. 1996 నవంబరు 6 తుఫాను మన కొబ్బరితోటల్ని ఎలా నరికేసిందో నువ్వు చూడలేదు. రెండేళ్ల తర్వాత మేం లాడ్జీ తెరిచేనాటికి కూడా మొవ్వులు లేని మోళ్లు బారులు తీరి ఉండేవి. బయటివాళ్లకి కోనసీమంటే తుఫాను, శవాలు, పేపర్లో ఫోటోలు. అప్పుడు ఆయన, బ్యాంకు ఉద్యోగి, ఒక్కరే వచ్చారు. మీ మావయ్య ఆ మోళ్లని దాచలేదు. తోటంతా తిప్పి చూపించి, కొత్త మొక్క వేస్తుంటే ఒక చెయ్యి వెయ్యమన్నాడు. ఇద్దరూ కలిసి గోతిలో ఉప్పూ బూడిదా వేసి నాటారు. ఆయన మర్నాడు వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చి, సామాను కూడా దించకుండా ‘నా మొక్క ఎంతయింది?’ అన్నారు. ఏడో ఏడు దాని బోండం తాగారు. లాడ్జీ మూసేదాకా ఏటా వస్తూనే ఉన్నారు. దోమలు కుట్టాయి, ఒకసారి వరదలో రెండు రోజులు చిక్కుకుపోయారు, ఒక రాత్రి నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన రాకుండా ఉండలేదు.

ఇక నా భయం. నువ్వు నవ్వినా సరే, ఇది మాత్రం వినాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరిని కూడా పడవ ఎక్కించకు. ‘ఫోటోలో బాగోదు’ అంటారు. ‘మాకు ఈత వచ్చు’ అంటారు. ఎక్కించకు. వాళ్లు కోపం తెచ్చుకుని వెళ్లిపోతే పోనీ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన రోజు నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. సరదాగా బయల్దేరిన కుటుంబాలు. బోటు పైకి తియ్యడానికే నెల దాటింది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సముద్రం, వశిష్ఠ గోదారి కలిసే చోట స్నానానికి దిగనివ్వకు. పైకి నిమ్మళంగా ఉంటుంది, కింద లాగేస్తుంది. మన ఇంటి వెనక రేవులో కూడా నాలుగో మెట్టు దాటకుండా ఒక గొలుసు వేయించు. నాతో ఐదో తరగతి చదివిన పిల్ల బిందె కడగడానికి ఆ మెట్టు దిగింది. ఆ బిందె మాత్రం దొరికింది. ఇప్పటికీ ఆ రేవులోకి దిగితే నా కాళ్లు వణుకుతాయి.

తిట్టానని బాధపడకు తల్లీ. నిన్ను తిట్టే చనువు నాకుంది కాబట్టే తిట్టాను. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. మండువాలో ఉయ్యాల బల్ల మాత్రం అమ్మకు, దానికి రంగు కూడా వెయ్యకు. మీ తాతయ్య చెయ్యి ఆని ఆని ఒక చోట నున్నగా అయింది, చూశావా?

నీకొకటి పంపిస్తున్నాను. మీ మావయ్య రాసుకున్న పుస్తకం. ఎవరెవరు వచ్చారో, ఏ గది అడిగారో అన్నీ అందులో ఉన్నాయి. ‘కాఫీలో పంచదార అర చెంచా.’ ‘ఈవిడకి తల దగ్గర కిటికీ ఉండాలి.’ ‘పాపకి బల్లులంటే భయం, ముందే చూసి తరమాలి.’ ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. కాలవలు వదిలాక వాళ్లకి నువ్వే ఫోన్ చేసి ఫలానా వారి మేనకోడల్ని అని చెప్పు. మొదటి ఫోన్ చెట్టాయనకి చెయ్యి. మాస్టారి నంబరు కూడా ఒక పేజీలో ఉంటుంది, దాని పక్కన మీ మావయ్య ఏమీ రాయలేదు. ఆయనకి మాత్రం నేనే చేస్తాను.

ఈలోగా ఆ కేరళ మాట తీసెయ్యి. మే నెల బుకింగులకి ఎవరైనా డబ్బు కట్టి ఉంటే, వాళ్లకి ఈ రోజే ఫోన్ చేసి కాలవలో నీళ్లుండవని చెప్పు. వద్దన్నవాళ్లకి పూర్తి డబ్బు వెనక్కి పంపెయ్యి. చేతిలో డబ్బు లేకపోతే నా దగ్గర ఉంది, మొహమాటపడకు. అది అయ్యాక రాత్రి ఎంత ఆలస్యమైనా నాకు ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య