డయాలసిస్‌లో ఉన్న నాన్నకు హెపటైటిస్-సి: కంచం వేరు చేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. నాన్నగారి వయసు 58. కిడ్నీలు పాడవడంతో మూడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. మొదట్లో చేసిన పరీక్షలన్నీ నెగెటివ్. గత నెల హెపటైటిస్-సి పాజిటివ్ అన్నారు. కామెర్లు లేవు, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) నార్మల్‌గానే ఉంది. అయినా భయంతో ఆయన కంచం, గ్లాసు వేరు చేశాం. మనవడిని దగ్గరికి పంపడం లేదు. అప్పటి నుంచి ఆయన సరిగా మాట్లాడడం లేదు. పసరు మందు పోయించమని బంధువులు చెబుతున్నారు. మా మేనత్త కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది. ఇక మార్పిడి కుదరదా? అసలు ఈ జబ్బు ఎక్కడ అంటుకుంది?
– ఓ పాఠకుడు

జవాబు: ముందు ఈ పూటే చేయవలసిన పని చెబుతాను. నాన్నగారి కంచం తీసుకెళ్లి మళ్లీ అందరి కంచాలతో కలిపి పెట్టండి. మనవడిని ఆయన ఒళ్లో కూర్చోబెట్టండి. హెపటైటిస్-సి రక్తం నుంచి రక్తానికి వెళ్లే వైరస్. కలిసి తిన్నా, తాకినా, ముద్దుపెట్టుకున్నా, దగ్గినా, ఒకే స్నానాల గది వాడినా రాదు. నీళ్లు, తిండి ద్వారా వచ్చేవి హెపటైటిస్-ఎ, ఇ. మన ఇళ్లలో అన్నింటినీ కలిపి ‘కామెర్లు’ అనేయడం వల్లే ఈ కంచం వేరు చేసే అలవాటు వచ్చింది.

వేరుగా ఉంచవలసినవి కొన్ని ఉన్నాయి. గడ్డం గీసుకునే బ్లేడు, టూత్ బ్రష్, గోళ్లు తీసుకునే కట్టర్, షుగర్ చూసుకునే సూది. డయాలసిస్ రోజు ఇంటికొచ్చాక ఒక్కోసారి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేందుకు చేతిలో సిద్ధం చేసిన రక్తనాళం) దగ్గర రక్తం ఉబుకుతుంది. అప్పుడు కంగారుగా వట్టి చేత్తో నొక్కిపట్టకండి. రెండు జతల గ్లౌజులు, దూది ఆయన మంచం దగ్గరే పెట్టుకోండి. నేల మీద రక్తం పడితే ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి తుడవండి. ఇంట్లో ఇంతకు మించిన జాగ్రత్త అక్కర్లేదు.

ఇక ‘పాజిటివ్’ అంటే ఏమిటో చూద్దాం. మీకు వచ్చింది బహుశా యాంటీబాడీ పరీక్ష ఫలితం. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది హెచ్‌సీవీ (హెపటైటిస్-సి వైరస్) ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, దీన్నే వైరల్ లోడ్ అంటారు. కొంతమందిలో వైరస్ దానంతటదే పోతుంది కూడా. కాబట్టి ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఏమీ ఖాయం చేసుకోవద్దు, ఆలస్యమూ చేయవద్దు. కేంద్ర ప్రభుత్వం 2018 జులై 28న మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ పరీక్ష, మందులు ఉచితం. మీ కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) రాసిచ్చిన చీటీతో జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉందని, కామెర్లు లేవని స్థిమితపడకండి. డయాలసిస్ రోగుల్లో ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువగా ఉంటుంది. లివర్ దెబ్బతింటున్నా ఆ అంకె పెరగకపోవచ్చు. హెపటైటిస్-సి సోకిన చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. అందుకే డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి తప్పనిసరిగా ఈ పరీక్ష చేయాలి. మీ నాన్నగారికి దొరికింది కూడా అలాగే.

ఎక్కడ అంటుకుందన్న ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబమూ మిషన్‌నే నిందిస్తుంది. రక్తాన్ని వడకట్టే ఫిల్టర్‌ను డయలైజర్ అంటారు. చిరగని డయలైజర్ పొరలోంచి వైరస్ దాటలేదు. అసలు దారి మిషన్ లోపల కాదు, దాని మీద ఉంటుంది.

ఉదయం షిఫ్టు ముగిసి రెండో షిఫ్టు మొదలయ్యే అరగంటను గుర్తుచేసుకోండి. లోపల నలుగురికి సూదులు తీస్తుంటారు. తలుపు దగ్గర మరో నలుగురు సంచులతో నిలబడి ఉంటారు. ఒక టెక్నీషియన్ ఒకరి ఫిస్టులా మీద దూది నొక్కిపట్టుకుని ఉండగా పక్క మిషన్ అలారం మోగుతుంది. అదే గ్లౌజు వేలితో ఆ మీట నొక్కి ఆపుతాడు. ఆ వేలికి కంటికి కనిపించనంత రక్తం ఉంటే చాలు. కాసేపటికి ఇంకొకరు ఆ మీట ముట్టుకుని, అదే చేత్తో తర్వాతి రోగికి సూది గుచ్చుతారు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. సి వైరస్ కొన్ని వారాలు కూడా బతకగలదు.

ఏళ్ల క్రితం ఒక యూనిట్‌లో కొద్ది వ్యవధిలో ఇద్దరు రోగులు పాజిటివ్ అయితే, కారణం వెతకడానికి నేను ఒక షిఫ్టంతా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మిషన్లన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కానీ మందుల ట్రాలీ ఒక పడక నుంచి ఇంకో పడకకు తిరుగుతోంది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సీసా ఒక్కటే, అందరికీ అందులోంచే. సీసా మెడ దగ్గర ఆవగింజంత గోధుమరంగు మరక. తుడిచి చూస్తే రక్తం. ఆ నర్సు చెడ్డ మనిషి కాదు. తట్టుకోలేనంత మంది రోగులను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఆ రోజే ట్రాలీ తీయించి, ఇంజెక్షన్లు వేరే గదిలో తయారుచేసి, ఎవరివి వారికి విడిగా తెచ్చే పద్ధతి పెట్టించాను.

మీ నాన్నగారికి ఇలాగే వచ్చిందని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. ఈ మూడేళ్లలో రక్తం ఎక్కించారా, పన్ను పీకించారా, ఇంకెక్కడైనా డయాలసిస్ చేయించారా అన్నదీ చూడాలి. అయితే నెగెటివ్‌గా ఉన్న రోగి డయాలసిస్ జరుగుతుండగా పాజిటివ్ అయితే, అది యూనిట్‌లోనే వచ్చి ఉండవచ్చని భావించి మిగతా రోగులకూ పరీక్షలు చేయాలి. అందుకని యూనిట్‌తో గొడవకు దిగకుండానే, ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేయండి. పక్క పడక మీద ఉన్నవారి ఇంటివాళ్లూ మీలాంటివాళ్లే.

మిషన్ వేరు చేయాలా అంటే బి, సి లకు జవాబు ఒకటి కాదు. ఎడిన్‌బరోలో 1969-70లో డయాలసిస్ యూనిట్‌లో హెపటైటిస్-బి చెలరేగి రోగులతోపాటు వైద్య సిబ్బంది కూడా చనిపోయారు. అలాంటి అనుభవాల నుంచే నేటి నియమాలు పుట్టాయి. బి పాజిటివ్ రోగికి వేరే గది, వేరే మిషన్, ఆ షిఫ్టులో వేరే సిబ్బంది ఉండాలి. ఆ డయలైజర్‌ను కడిగి మళ్లీ వాడకూడదు. సి విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాలు వేరే మిషన్ తప్పనిసరి అనవు. మన దగ్గర చాలా యూనిట్లు వేరు చేస్తాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ మిషన్ వేరు చేశాం కదా అని గ్లౌజులు మార్చడం మానేస్తే ఫలితం సున్నా. వైరస్ సోకిన కొత్తలో యాంటీబాడీ పరీక్ష రెండు మూడు నెలలు నెగెటివ్‌గానే రావచ్చు. అంటే నెగెటివ్ వరుసలోనూ వైరస్ ఉన్నవారు ఉండవచ్చు.

ఒక్క విషయం మాత్రం రేపే వెళ్లి కనుక్కోండి. కొన్నిచోట్ల బి, సి రోగులందరినీ ‘పాజిటివ్ గది’ అంటూ ఒకేచోట వేస్తారు. మీ నాన్నగారిని బి రోగుల మిషన్ మీద వేస్తే ఆయనకు బి కూడా అంటుకునే ప్రమాదం ఉంది. దీనికి ఎంతమాత్రం ఒప్పుకోవద్దు.

బి కి టీకా ఉంది, సి కి లేదు. నాన్నగారికి టీకా వేశారా అన్నది ఫైల్లో చూడండి. డయాలసిస్ రోగులకు మామూలు మోతాదు చాలదు. రెట్టింపు, అంటే 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు వేస్తారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు, టీకా ఎంత రక్షణ ఇచ్చిందో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చూడాలి. అది 10 కంటే తక్కువుంటే రక్షణ లేనట్టే. ఆ తర్వాత ఏడాదికోసారి చూసి, తగ్గితే బూస్టర్ వేయాలి. మీ ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరుగుతూ ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లందరికీ ఈ మాట చేరవేయండి. కిడ్నీ కొంతైనా పనిచేస్తున్నప్పుడే టీకా బాగా పడుతుంది.

చికిత్స విషయంలో మీకు ధైర్యం చెప్పగలను. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే దిక్కు. జ్వరం, నీరసంతో రోగులు మధ్యలోనే ఆపేసేవారు. ఇప్పుడు సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్ కలిసిన మాత్ర రోజుకొకటి, సాధారణంగా 12 వారాలు. నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. కిడ్నీ రోగులకు సోఫోస్‌బువిర్ పనికిరాదని ఎవరైనా అనవచ్చు, అది పాత మాట. 2019 నుంచి డయాలసిస్ రోగులకూ దీనికి ఆమోదం ఉంది. మాత్రలు మొదలుపెట్టే ముందు బి లేదని తేల్చుకోవాలి, ఉంటే అది విజృంభించవచ్చు. లివర్ ఎంత గట్టిపడిందో ఫైబ్రోస్కాన్‌తో చూడాలి. వాడుతున్న ప్రతి మందునూ డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా గ్యాస్ మాత్రలు, గుండెకు వాడే అమియోడరోన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, టీబీ మందు రిఫాంపిసిన్.

కోర్సు ముగిసిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేసి, వైరస్ లేకుంటే నయమైనట్టు. యాంటీబాడీ మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే కనిపిస్తుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ రిపోర్టుకు నాలుగు నకళ్లు తీసి పెట్టుకోండి, కొత్త యూనిట్‌కు వెళ్లిన ప్రతిసారీ అవసరపడుతుంది. నయమైనవారికి మళ్లీ సోకదన్న హామీ లేదు. అందుకే డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ గమనించే పని నాన్నగారికే అప్పగించండి. సూది పట్టే ముందు గ్లౌజులు మార్చారా, డయలైజర్ మీద తన పేరే ఉందా, పడక తుడిచారా అని ఆయన అడగాలి. అడగడం ఆయన హక్కు.

పసరు మందు వద్దు. ఆకు రసాల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయని మనిషికి అది గుండెను ఆపేయగలదు. కామెర్లకు చలవ అంటూ కొబ్బరినీళ్లు ఇవ్వడం కూడా అంతే ప్రమాదం. మీది కొబ్బరి తోటల సీమ, బొండాం చేతికి అందుతూనే ఉంటుంది. ఆయనకు మాత్రం ఇవ్వకండి.

మీ మేనత్త మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు. దాత సిద్ధంగా ఉన్నప్పుడు ముందు వైరస్‌ను పూర్తిగా పోగొట్టి తర్వాత మార్పిడి చేయడమే మేలు. అంటే దాదాపు ఆరు నెలలు. ఈలోపు ఆవిడ పరీక్షలు చేయించుకోవచ్చు, వాటిలో హెపటైటిస్ బి, సి కూడా ఉంటాయి. నాన్నగారి లివర్ బాగా గట్టిపడిపోయి ఉంటేనే ఆలోచన మారుతుంది. ఆర్‌ఎన్‌ఏ, ఫైబ్రోస్కాన్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ మూడూ కలిపి మళ్లీ రాయండి.