పబ్లిక్ పాలసీ కోసం నలభై లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈ పూర్తి చేసింది. అమెరికా వెళ్లి పబ్లిక్ పాలసీలో, అంటే ప్రభుత్వ విధానాల మీద, మాస్టర్స్ చేస్తానంటోంది. పోలీసు డేటా, నిఘా కెమెరాల మీద రాష్ట్రం తెచ్చే చట్టాలపై అక్కడి నగరపాలక సంస్థలు తమ వైఖరి చెప్తాయట, ఆ పని చేస్తుందట. లోన్ నలభై లక్షలు దాటుతుంది. పంపాలా, ఇక్కడే పాలసీ కోర్సు చేయించాలా, గ్రూప్స్ రాయించాలా? మూడింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: సార్, మీ అమ్మాయి గాలి మాటలు చెప్పట్లేదు. అలాంటి ఉద్యోగం నిజంగానే ఉంది. అమెరికాలో చాలా నగరాలకు సొంత పోలీసు శాఖ ఉంటుంది, జీతాలు నగరమే ఇచ్చుకుంటుంది. రాష్ట్రం కొత్త నిబంధన పెడితే బరువు నగరం నెత్తిన పడుతుంది. కాలిఫోర్నియాలో 2015లో ఒక చట్టం చేశారు. పోలీసులు ఎవరిని ఆపినా ఎందుకు ఆపారు, ఆ మనిషి ఏ జాతివాడిలా కనిపించాడు అన్నది రాసి రాష్ట్రానికి పంపాలి. బండ్ల నంబర్ ప్లేట్లు చదివే కెమెరాలకూ అదే ఏడాది నిబంధనలు పెట్టారు. ఈ లెక్కలు రాసే ఖర్చెవరిది, డేటా ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరికి ఇవ్వొచ్చు? ఇలాంటి వాటిపై చాలా నగర కౌన్సిళ్లు తమ వైఖరిని తీర్మానించి శాసనసభ్యుల ముందు పెడతాయి. ఆ కాగితం తయారుచేయడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటాయి.

మన దగ్గర ఆ కుర్చీ లేదు. పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గవి 18 అంశాలు. వాటిలో వీధి దీపాలున్నాయి, అగ్నిమాపక సేవలు కూడా ఉన్నాయి, పోలీసు లేదు. జనం గుమిగూడే వ్యాపార సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీ 30 రోజులు దాచాలన్న నిబంధన కూడా ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రత చట్టానిది. మన వరంగల్ బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, 66 డివిజన్లున్నాయి. కౌన్సిల్ సమావేశంలో నాలాల మీద గంటలకొద్దీ గొడవ పడొచ్చు గానీ, కేసుల డేటా మీద వాళ్ల మాటకు అధికారం లేదు.

ఇక పబ్లిక్ పాలసీ మోజు సంగతి. నిన్నటిదాకా అందరి పిల్లలకూ డేటా సైన్సే కావాలి, ఇప్పుడు ఈ డిగ్రీ. నాకు దీని మీద అనుమానాలున్నాయి. నగర పాలసీ అంటే ఆ ఊరి రాజకీయం, ఆ ఊరి పన్నులు, ఆ ఊరి పాత గొడవలు తెలిసుండాలి. రెండేళ్లు చదివిన విదేశీ విద్యార్థి కోసం ఒక నగరపాలక సంస్థ వీసా స్పాన్సర్ చేయడం అరుదు. చదువయ్యాక పని చేసుకునే అనుమతి ఏడాదే. స్టెమ్ కోర్సు (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోవలోది) అయితే ఇంకో రెండేళ్లు. పాలసీ డిగ్రీ స్టెమ్ కింద వస్తుందా రాదా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. కన్సల్టెన్సీలో ‘వస్తుంది సార్’ అని నవ్వుతూ చెప్తే సరిపోదు, యూనివర్సిటీ నుంచి మెయిల్ తెప్పించుకోండి. నేనూ ఒకప్పుడు ఒకబ్బాయిని ఉత్సాహంగా ఇదే దారిలో పంపాను. ఇప్పుడు అక్కడే ఏదో కంపెనీలో కోడింగ్ చేస్తూ లోన్ కడుతున్నాడు. ఆ మాత్రం దానికి అంత డబ్బు పోసి పాలసీ చదవక్కర్లేదు.

కానీ సార్, ‘గ్రూప్స్ రాయించాలా’ అన్నారే, రాయించడమేంటి? ఇరవై రెండేళ్ల పిల్ల, ఎక్కాలు రాయిస్తున్నారా? మీ ఉత్తరంలో ఫీజుంది, లోనుంది, ఆమెకు ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? గ్రూప్-1లో గ్రేడ్-2, గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ పోస్టులుంటాయి. ఆ కుర్చీ మీద ఆమెకే మనసుంటే రాస్తుంది. చుట్టాలకు చెప్పుకోవడానికైతే వద్దు.

మీ అసలు భయం బీటెక్ వృథా అవుతుందేమోనని. కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక, కోడ్ తెలిసి చట్టం కూడా చదవగలిగిన మనిషికి కంపెనీల్లో పని ఉంది. ఓ రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి. అప్పటికీ మనసు పాలసీ మీదే ఉంటే హైదరాబాద్ టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), బెంగళూరు నేషనల్ లా స్కూల్లో రెండేళ్ల కోర్సులున్నాయి. ఖర్చు మీరు చెప్పిన అంకె దగ్గరికి కూడా రాదు.

ఈలోగా ఒక పని చెప్పండి. కాజీపేట నుంచి హన్మకొండ దాకా రాత్రిపూట వెలగని దీపాలెన్నో లెక్కపెట్టమనండి, తోడు మీరూ వెళ్లండి. దీపాలు బల్దియావి, ప్రమాదాల లెక్క పోలీసులది. ఆ రోడ్డు మీద ఏ ప్రమాదం ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగిందో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండూ ఒకే మ్యాపు మీద పెట్టి, తేలింది రెండు పేజీల్లో రాయమనండి. ఆ రెండు పేజీలు రాస్తుంటే విసుగొచ్చిందా, నిద్ర మానేసి రాసిందా అన్నది చూస్తే అమెరికా సంగతి మీకే తెలుస్తుంది.

ఈసారి ఉత్తరం మీరు రాయకండి. ఆ రెండు పేజీలు జతచేసి ఆమెనే రాయమనండి.