జెండర్ చికిత్సకు ముందు కౌన్సెలింగ్ అవసరమా? అవసరమే, అయితే కాగితం కోసం కాదు

"హార్మోన్లు మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను, నాకు ఏ అనుమానమూ లేదు, అయినా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లక తప్పదా?" అన్నది మీ ప్రశ్న. నేను ట్రాన్స్ పురుషుణ్ణి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, పురుషుడిగా బతుకుతున్నవాణ్ణి. ఖమ్మం జిల్లాలో పుట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. మీరు తప్పకుండా వెళ్లాలనే నేను చెబుతాను, కానీ మీరు అనుకుంటున్న కారణానికి కాదు. మనవాళ్లందరూ జీడీ సర్టిఫికెట్ అని పిలిచే కాగితం, అంటే జెండర్ డిస్ఫోరియా (శరీరానికీ మన జెండర్‌కూ పొసగక కలిగే బాధ) ఉన్నదని మానసిక నిపుణులు రాసిచ్చే ఉత్తరం, సంపాదించడం ఒక పని, మనసుకు ఆసరా వెతుక్కోవడం మరొక పని. ఈ రెండింటినీ ఒకే మనిషి చేతిలో పెట్టడం వల్లనే మనలో చాలామంది అసలు బాధను దాచుకుని, కాగితం మాత్రం పట్టుకుని బయటికి వస్తున్నారని నా గట్టి నమ్మకం.

నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో సిరా మరకల బొమ్మలున్న అట్టలు ఒక్కొక్కటే చేతికిచ్చి, వాటిలో ఏమి కనిపిస్తున్నదో చెప్పమన్నారు. చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకున్నానా, క్రికెట్ ఆడానా అని అడిగారు. ఆడపిల్లలంటే ఎప్పటి నుంచి ఇష్టమో చెప్పమన్నారు. మనం ఎవరిని ఇష్టపడతామన్నది వేరు, మనం ఎవరమన్నది వేరు అని డబ్బు కట్టి కూర్చున్న మనమే వైద్యుడికి వివరించవలసి రావడం చాలా అలసట కలిగించే పని. ఆ రోజుల్లో నాకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. రోజంతా బైండర్ (ఛాతీని అదిమిపెట్టే బిగుతు బనియను) బిగించుకుని ఆఫీసులో పనిచేసి వచ్చి, పక్కటెముకల నొప్పితో వంటగది గట్టుకు ఆనుకుని నిలబడి ఏడ్చేవాణ్ణి. ఆ సంగతి ఆ గదిలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెబితే "ముందు డిప్రెషన్ తగ్గనివ్వండి, మిగతాది తరువాత చూద్దాం" అంటారని నాకన్నా ముందు వెళ్లివచ్చిన స్నేహితులు హెచ్చరించారు. ఊహ తెలిసినప్పటి నుంచి నిక్కర్లే వేసుకున్నానన్న కథను అందరమూ ఒకే విధంగా అప్పజెప్పి వస్తాము. తీర్పు చెప్పే మనిషి ఎదుట ఎవరు మాత్రం మనసు విప్పుతారు?

నిజానికి వైద్యశాస్త్రం ఈ ధోరణిని ఎప్పుడో వదిలిపెట్టింది. 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణ జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన పరిస్థితిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసివేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది. అదే ఏడాది వెలువడిన డబ్ల్యూపాథ్ (ట్రాన్స్ ఆరోగ్య నిపుణుల ప్రపంచ సంఘం) ఎనిమిదవ ప్రమాణాలు, అంతకుముందు కొన్ని శస్త్రచికిత్సలకు అడిగిన రెండు ఉత్తరాల స్థానంలో ఒక్కటి చాలునన్నాయి. సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) చేయించుకుంటేనే చికిత్స అనే షరతు పెట్టకూడదన్నాయి. చికిత్స గురించి అర్థం చేసుకుని సమ్మతి తెలిపే స్థితిలో ఉన్నంతవరకు, దిగులుగా ఉండడం చికిత్స ఆపడానికి కారణం కాదు.

కొంతకాలానికి ఒక స్నేహితుడు నన్ను మరొక సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. ఆవిడ మొదటి రోజునే, నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే, "కాగితం గురించి మీరు బెంగపెట్టుకోకండి, దానికి ఏమేమి కావాలో అది వేరుగా చూసుకుందాం. ఇప్పుడు చెప్పండి, నిద్ర పడుతున్నదా?" అని అడిగారు. అంతకాలం ఎవరూ అడగని ఆ ప్రశ్నకు నేను గంటసేపు జవాబు చెప్పాను.

ఆవిడ చేసిన అసలైన మేలు మా అమ్మకు చేసింది. అంతకుముందు మా జిల్లాలోనే ఒక వైద్యుడు "పెళ్లి చేయండి, అన్నీ సర్దుకుంటాయి" అని అమ్మకు చెప్పి, నిద్రమాత్రలు రాసి పంపాడు. ఇటువంటి "మార్పు" చికిత్సలు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసిందన్న సంగతి మన ఊళ్లలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అందువల్ల అమ్మ ఈ సైకాలజిస్టు గదిలోకి భయపడుతూనే వచ్చింది. ఆవిడ అమ్మకు జెండర్ గురించి పాఠం చెప్పలేదు. దేనికి ఎక్కువగా భయపడుతున్నారని అడిగితే, పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లలేకపోతున్నానని అమ్మ చెప్పింది. "అయితే నేను మీ తోటికోడల్ని అనుకోండమ్మా, భోజనాల దగ్గర మీ పక్కన కూర్చున్నాను" అని కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఏమక్కా, మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అని అచ్చం మా పిన్నిలాగే అడిగారు. అమ్మ బిగుసుకుపోయి, ఇంకా చూడలేదని గొణిగింది. ఆవిడ వదలకుండా మళ్లీ అడిగారు. ఈసారి అమ్మకు కన్నీళ్లు వచ్చాయి. నీళ్లు తాగించి, కాసేపు ఆగి, ఆవిడ మరల అదే ప్రశ్న వేసినప్పుడు అమ్మ తల ఎత్తి, "మావాడి సంగతి మేము చూసుకుంటాములే, నువ్వు అన్నం తిను" అన్నది. ఆ తరువాత వచ్చిన మా మేనమామ కూతురి పెళ్లికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. నేను తీసుకున్న ఏ ఇంజెక్షనూ మా ఇంట్లో ఇంతటి మార్పు తేలేదు.

ఇక చికిత్స తరువాతి సంగతి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో, హార్మోన్ చికిత్సకూ శస్త్రచికిత్సకూ ముందు మాత్రమే కాక తరువాత కూడా కౌన్సెలింగ్ అందించాలని రాశారు. ఆచరణలో ఆ "తరువాత" అన్న భాగాన్ని పట్టించుకునేవారే లేరు. నాకు టాప్ సర్జరీ (రొమ్ములు తొలగించే శస్త్రచికిత్స) అయ్యాక డ్రెయిన్ గొట్టాలు తీసేసి, ఛాతీకి బిగుతు పట్టీ కట్టి ఇంటికి పంపారు. కోరుకున్నది దక్కిన తరువాత కూడా వారాల తరబడి మనసు ఖాళీగా ఉండవచ్చునని ఒక్కరూ చెప్పలేదు. ఈ విషయంలో మన హిజ్రా జమాత్‌ల (గురువు చుట్టూ కలిసి ఉండే సమూహాల) పద్ధతి ఎంతో మేలు. నిర్వాణం (పురుషాంగం తొలగించే క్రియ) అయిన చేలాకు, అంటే శిష్యురాలికి, నలభై రోజులు విశ్రాంతినిచ్చి, గురువూ తోటి చేలాలూ తిండి పెట్టి, కనిపెట్టుకుని ఉంటారు. మావంటి ట్రాన్స్ పురుషులకు అటువంటి పెద్దదిక్కు లేదు కనుక, ఆ బాధ్యతను ఆసుపత్రులే తీసుకోవాలి.

హైదరాబాద్‌లో ఉంటే ఇదంతా కొంత సులువు. నారాయణగూడలో 2021 జనవరిలో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్ వ్యక్తులే సిబ్బందిగా పనిచేసేవారు, కౌన్సెలింగ్ కూడా అక్కడే దొరికేది. 2025లో అమెరికా ప్రభుత్వ సహాయం నిలిచిపోవడంతో అది మూతపడి, తరువాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకున్నది. విదేశీ నిధి ఆగిన మరుక్షణమే తలుపులు మూసుకునే పరిస్థితి ఉండడం మన ప్రభుత్వాలకు గౌరవం కాదు. మీరు జిల్లాలో ఉన్నట్లయితే, రాత్రివేళ మరీ భారంగా అనిపించినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు, అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసిన రోజునే "నాకు దిగులుగా ఉన్నదని చెబితే నా ఉత్తరం ఆగిపోతుందా?" అని అడగండి. జవాబు చెప్పకుండా నసిగితే అక్కడికి వెళ్లకండి. ఆగదని చెప్పినచోట చేరి, రెండవసారి వెళ్లేటప్పుడు ఇంట్లో మీ మాట కాస్తయినా వినే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి.