అండవాహిక లోపలి పొర మీద చక్కెరలు ఎందుకుంటాయి?

"ఆడ జంతువుల గర్భసంచి, అండవాహికల లోపలి పొర మీద చక్కెర అణువులు ఉంటాయని బయాలజీ మేడమ్ చెప్పారు. అవి వీర్యకణాలకు తిండా? షుగర్ జబ్బులో ఉండే చక్కెర ఇదేనా?" అని అడిగారు. రెండూ కావు. అండవాహికలో, అంటే అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టంలో, అవి వీర్యకణాలు పట్టుకుని వేలాడే కొక్కేలనుకోండి.

చక్కెర అనగానే టీలో వేసుకునేది గుర్తొస్తుంది. కానీ ఒంట్లో కణాల పైపొర మీద ఉండే ప్రొటీన్లకూ కొవ్వులకూ చిన్న చిన్న చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. మన రక్తం గ్రూపును తేల్చేవీ ఇవే. ఓ గ్రూపు వాళ్ల ఎర్రకణాల మీద గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటుంది, దానికి తోడు ఇంకో చక్కెర చేరితే ఏ, వేరొకటి చేరితే బి. షుగర్ టెస్టులో కొలిచేది రక్తంలో తిరిగే గ్లూకోజ్‌ని. దాన్నీ దీన్నీ కలపకండి. ఫ్యూకోజ్ పేరు మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నేను పశువుల డాక్టర్ని. పీజీ చేసేటప్పుడు తెల్లవారకముందే కబేళాకు వెళ్లి గేదెల గర్భసంచులు ఐస్ పెట్టెలో పెట్టుకుని తెచ్చేవాణ్ణి. (ఆ వాసనకు బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.) అండవాహికను వేళ్లతో నొక్కుతూ పిండితే లోపలి పొర తునకలుగా బయటికొస్తుంది. కాసేపు వెచ్చగా ఉంచితే ఆ తునకలు ఉండలు చుట్టుకుంటాయి. వాటి మీద ఉన్న సన్నని నూగు అటూ ఇటూ ఊగుతుంటే ఉండ తనంతట తానే తిరుగుతుంది. అందులో ముర్రా దున్నపోతు వీర్యం ఒక చుక్క కలిపి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకున్నట్టు వీర్యకణాలు తలలు ఆనించి ఉండకు అతుక్కుపోయాయి. తోకలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. పక్కన విడిగా ఈదినవి సాయంత్రానికి చాలావరకు చచ్చాయి. అతుక్కున్నవి ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆ పట్టు ఫ్యూకోజ్ చక్కెర వల్లేనని ఆవుల్లో చూపించింది కార్నెల్ యూనివర్సిటీలోని సూసన్ స్వారెజ్ బృందం. ఫ్యూకోజ్‌ను విడిగా ద్రావణంలో కలిపితే వీర్యకణాల చేతులు ముందే నిండిపోతాయి, ఇక గోడను పట్టుకోలేవు. నేనూ చేసి చూస్తానంటే మా గైడ్ ఫ్యూకోజ్ ధర చూపించి నవ్వారు, అంతటితో సరి. ఆ 'చేతులు' నిజానికి వీర్యద్రవంలోంచి వచ్చి తల మీద పూతలా అంటుకున్న ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైన పీడీసీ-109 మీద మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ముస్తి జె. స్వామి గారి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ 109 దానిలోని అమైనో ఆమ్లాల లెక్క.

జంతువును బట్టి చక్కెర మారుతుంది. ఎలుకలాంటి హ్యామ్‌స్టర్‌లో సియాలిక్ ఆమ్లం అనే చక్కెర, గుర్రంలో గాలక్టోజ్.

ఇంత ఏర్పాటు ఎందుకంటే, వీర్యం ముందొస్తుంది, అండం ఆలస్యంగా వస్తుంది. ఆవు ఎద సుమారు 18 గంటలుంటే, అండం విడుదలయ్యేది ఎద ముగిశాక ఇంకో 10-12 గంటలకు. అప్పటిదాకా వీర్యకణాలు అండవాహిక మొదట్లో ఉన్న సన్నని భాగంలో గోడను పట్టుకుని ఉంటాయి. పక్వానికొచ్చేకొద్దీ తల మీది పూత మారుతుంది, తోక కొరడాలా కొట్టుకుంటుంది, పట్టు వదులుతుంది. అదీ కొన్ని కొన్నిగానే. అన్నీ ఒక్కసారే పైకి వెళితే అండంలోకి ఒకటికి మించి దూరే ప్రమాదం ఉంది. అలా జరిగితే పిండం నిలవదు.

ఈ చదువే ఒకసారి నన్ను ముంచింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు పొద్దున్నే ఫోన్ చేసి "సార్, గేదె తీగలేస్తోంది" (ఎదకొచ్చింది) అనగానే బండి తీసి, వెళ్లి సెమన్ వేసొచ్చేవాణ్ణి. లోపల పట్టుకుని ఉంటాయిలే అని ధీమా. 21 రోజులకు పొర్లేది, అంటే చూలు కట్టక మళ్లీ ఎదకొచ్చేది. అలా మూడుసార్లు. చివరికి ఊళ్లో పశువులకు సెమన్ వేసే మా గోపాలమిత్రే మొహమాటపడుతూ అన్నాడు, "పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున కదా సార్". నేను పరీక్షలో రాసిన లెక్కే అది! మేం వేసే సెమన్‌లో, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, మళ్లీ కరిగిన వీర్యకణాల పైపొర దెబ్బతిని ఉంటుంది. తాజావాటిలా అంతసేపు బతికి ఉండవు. నాలుగోసారి సాయంత్రం దాకా ఆగి వేశాం, చూలు కట్టింది. ఒక్క గేదెను చూపించి రుజువైందని అనను, పొర్లడానికి సవాలక్ష కారణాలుంటాయి. కానీ ఆ రైతు ముఖం మూడుసార్లు చూసింది నేను.

ఇంకో మాట. మీ మేడమ్ చెప్పింది ఆడవాళ్ల యోని గోడలో ఉండే గ్లైకోజెన్ గురించైతే అది వేరే సంగతి. దాన్నుంచి లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది, ఆ పులుపు చెడు క్రిములను పెరగనివ్వదు. అది మాత్రం మీరన్నట్టు తిండే, కాకపోతే బ్యాక్టీరియాకు.